మార్చి 31 లోపు మంచినీళ్లు

మా సంస్థ కరెంటు అమ్మదు, మోసుకుపోతుంది. గాలిమరల దగ్గర పుట్టిన కరెంటు అనంతపురం జిల్లా గుత్తి చుట్టుపక్కల మెట్టచేలల్లోని టవర్ల మీదుగా ఎక్కడెక్కడికో పోతుంది. ఆ సంస్థలో సామాజిక బాధ్యత విభాగం పనులు నేను చూసేవాణ్ణి. ఊళ్లో వాళ్లకు ఈ తేడాలు పట్టవు. ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, బిల్లు ఎక్కువొచ్చినా, చేన్లో టవరు లేచినా అందరం ‘కరెంటోళ్ల’మే.

ఈ సామాజిక బాధ్యతలో ఒక వింత ఉంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని, తాను పనిచేసే ప్రాంతానికి ముందు చోటివ్వాలని అది చెబుతుంది. లాభమే లేకపోతే రెండు శాతమూ లేదు. ఇంటింటికీ కరెంటిచ్చే పంపిణీ సంస్థలేమో ఏళ్ల తరబడి నష్టాల్లో నడిచాయి. లైన్‌మన్ పేరుతో సహా ఊరికి తెలిసిన సంస్థ దగ్గర పంచడానికి డబ్బుండదు. డబ్బున్న మాలాంటి సంస్థ ఊరి నెత్తిమీదుగా పోతుందే గానీ ఊళ్లో దిగదు. నేను దిగింది కూడా జనవరిలో, మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి కాబట్టి.

రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టి ఏం కావాలో చెప్పమన్నాను. ఒక రైతు లేచి, “టవరు కాళ్లు నాలుగూ నా చేన్లోనే ఉండాయి సారూ. దుడ్లు ఎప్పుడిస్తారు?” అన్నాడు. ఒకామె, “కుంటలో పూడిక తీపియ్యండి. ఎండాకాలం గొడ్లకు నీళ్లుండవు” అంది. రెండూ రాసుకున్నాను. రెండూ చేయలేదు.

మొదటిదానికి నా దగ్గర రూలు సిద్ధంగా ఉంది. కంపెనీ తన వ్యాపారంలో భాగంగా చేసే పనిని సామాజిక బాధ్యత కింద చూపకూడదని 2014 నిబంధనల్లోనే ఉంది. మంచి రూలే. లేకపోతే ప్రతి కంపెనీ తాను కట్టాల్సిన బాకీనే దానమని రాసుకుంటుంది. నేను దాన్ని తిరగేసి వాడాను. ఆ ఖర్చు నా పద్దులోది కాదన్నది నిజం. అందుకని ఆ బాధ కూడా నాది కాదని తేల్చేశాను. టవరు కింది భూమిని సేకరించినట్టు లెక్క కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలతో వాడుకుంటారు, నష్టానికి మాత్రం పరిహారమిస్తారు. టవరు కాళ్ల మధ్య భూమికి దాని విలువలో 85 శాతం, తీగల కింది దారికి 15 శాతం దాకా ఇవ్వొచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది. ఒప్పుకోవడం రాష్ట్రాల ఇష్టం. ఇవన్నీ నాకు తెలుసు. ఆ రైతుకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. “వేరే డిపార్ట్‌మెంట్ చూస్తాదప్పా” అని ఆయన యాసలోనే సర్ది చెప్పినందుకు అప్పుడు కాస్త గర్వపడ్డాను కూడా.

కుంట సంగతి ఇంకా సిగ్గుచేటు. పూడిక తీయడానికి వానలకు ముందు, కుంట ఎండే రోజులే సరైనవి. తీసిన మట్టిని చేలకు తోలుకుంటే ఎరువు ఖర్చూ కొంత తగ్గుతుంది. కానీ దానికి అనుమతులు కావాలి, పంచాయతీతో తిరగాలి. అన్నిటికంటే, పూడిక తీసిన కుంటకు శిలాఫలకం ఎక్కడ పెడతాం? మా ఆఫీసులో ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అందరం లోపల అనుకున్నాం.

మేం ఆర్వో ప్లాంటు పెట్టాం. చిన్న గది, నీలం రంగు, రెండు రూపాయల బిళ్ల వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండుతుంది. 2014లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఎన్టీఆర్ సుజల స్రవంతి మంచినీటి పథకానిదీ ఇదే లెక్క, అందులోనూ కంపెనీలనే రమ్మన్నారు. న్యాయంగా చెప్పాలంటే ఊరు ఆ నీళ్లను ఇష్టపడింది. అనంతపురం భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఉంది, గట్టి నీళ్లకు పప్పు ఉడకదు. ఈ నీళ్లతో ఉడికింది. ఫొటోలు బాగా వచ్చాయి. లబ్ధిదారుల గడిలో 2011 జనాభా లెక్కల్లోంచి ఊరి మొత్తం జనాభా తీసి రాశాను, వలసపోయి బెంగళూరులో ఉన్నవాళ్లతో సహా.

నేను లెక్క వేయనిది బయటికి పోయే నీళ్లు. ఇలాంటి చిన్న ప్లాంట్లలో తోడిన నీళ్లలో సగమో అంతకంటే ఎక్కువో వదిలేయాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ఊరి కొళాయిలకు నీళ్లిచ్చే బోరుకే దాన్ని తగిలించాం. వదిలేసిన నీళ్లు వీధి కాలువలోంచి పోయి ఒక గుంటలో చేరాయి. వేసవికి కుంట ఎండింది, గొడ్లు ఆ గుంటలో తాగాయి. మనుషులకు వద్దని తీసేసిన ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడి ఉన్న నీళ్లవి. నాకు చెప్పింది కుంట అడిగిన ఆమే. కోపంగా చెప్పి ఉంటే ఏదో ఒకటి వాదించేవాణ్ణి. మామూలుగా చెప్పింది, పశువుల డాక్టరు ఎప్పుడొస్తాడని అడిగినట్టు.

తర్వాత కరెంటు బిల్లు. పొలం మోటారుకున్న ఉచిత కరెంటు దీనికి లేదు. రెండు రూపాయల బిళ్లలు నడిపేవాడి జీతానికే చాలలేదు. ప్లాంటులోని వడపోత పొరలు మార్చే సమయానికి బకాయి పెరిగి కనెక్షన్ తీసేశారు. పెద్ద తీగలు పైన పోతున్న ఊళ్లో, కరెంటోళ్లు కట్టించిన ప్లాంటుకు కరెంటు లేదు. ఊళ్లో దీనిమీద జోకులు చాలానే పుట్టాయి, రాయదగ్గవి తక్కువ.

ఈ జిల్లాకు ఇది కొత్త పాఠమేమీ కాదు. 1990ల మధ్యలో వచ్చిన సత్యసాయి మంచినీటి పథకం 700కు పైగా ఊళ్లకు నీళ్లు తెచ్చింది, 1999లో దానిమీద తపాలా బిళ్ల కూడా వచ్చింది. అంతటి పథకంలోనూ జీతాలందక కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ఊళ్లు బిందెలు పట్టుకుని నిలబడ్డాయి. కట్టడానికి దాత దొరుకుతాడు. నెలనెలా నడపడానికి దొరికేది ఎవరు? ఆ వార్తలు చదువుతూనే నేను ప్లాంటుకు కొబ్బరికాయ కొట్టించాను.

తర్వాత పక్కనే అప్పటి కర్నూలు జిల్లాలో, కరెంటు మోసే ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్ డబ్బుతో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చేసిన వాటర్‌షెడ్ పని గురించి తెలిసింది. మా సంస్థది కాదది. 2014లో అక్కడా, కర్ణాటకలోని విజయపురలోనూ మొదలుపెట్టారు. వాన నీళ్లను ఆపడం, మట్టి పరీక్షలు, రైతులతో ఏళ్ల తరబడి కూర్చోవడం. రిబ్బను కట్టడానికి అనువైన పని కాదు. మార్చి 31కి అసలే లొంగదు.

2021 జనవరిలో సామాజిక బాధ్యత నిబంధనలు మారాయి. ఏళ్లపాటు సాగే పని అయితే మిగిలిన డబ్బును విడి ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టొచ్చు. పని ఫలితాన్ని బయటివాళ్లతో అంచనా వేయించాలన్న నిబంధనా వచ్చింది. కానీ అది పెద్ద కంపెనీలకు, అదీ కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే పనులకే. నా నీలం గది దాని కిందికి రాదు. కాగితాల్లో అది ఇప్పటికీ విజయవంతమైన పనే.

కిందటిసారి ఇంకో ఊరికి వెళ్లే ముందు, ఆ ఊరి టవర్ల పరిహారం ఫైలు ఎక్కడ ఆగిందో తేలనిదే నేను రచ్చకట్ట ఎక్కనని పైఅధికారికి చెప్పాను. ఈ రెంటికీ సంబంధమేమిటన్నారు. 2024 జూన్‌లో కేంద్రం ఆ పరిహారాన్ని టవరు కింద 200 శాతానికి, తీగల కింద 30 శాతానికి పెంచిన కాగితం ముందు పెట్టాను. చదివి, అది వేరే డిపార్ట్‌మెంట్ చూస్తుందన్నారు. నా ప్రయాణం మాత్రం వారం వాయిదా వేశారు.