ఆ దీవి మట్టి... మన గుండెల్లో!

చిలీ రాజధాని శాంటియాగోలో విమానం ఎక్కాక అయిదు గంటలకు పైగా ప్రయాణం. కిటికీలోంచి చూస్తే కింద నీళ్లు... నీళ్లు... ఇంకా నీళ్లు. ఈ దారిలో ఇక నేలన్నదే లేదేమో అనిపించే వేళకి, పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ముక్కోణపు ఆకారంలో చిన్న నేలచెక్క కనిపిస్తుంది. అదే ఈస్టర్ ఐలాండ్. డచ్చి నావికుడు జాకబ్ రోగెవీన్ 1722లో సరిగ్గా ఈస్టర్ ఆదివారం నాడు ఇక్కడికి చేరాడు కాబట్టి ఆ పేరు. అక్కడివాళ్లు మాత్రం తమ దీవిని రాపా నుయ్ అంటారు. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది!

దీవి విస్తీర్ణం 163 చదరపు కిలోమీటర్లు. జనం సుమారు 8 వేలు. ఉన్న ఊరు ఒక్కటే, హంగా రోవా. అక్కడ ఎవర్ని చూడటానికి వెళ్తారో చెప్పక్కర్లేదు... పొడుగాటి ముక్కులు, బిగించిన పెదాలతో సముద్రానికి వీపు పెట్టి నిలబడే రాతి మనుషుల్ని. వీటిని మోయాయ్‌లంటారు. దీవి మొత్తంమీద దాదాపు తొమ్మిది వందలున్నాయి. టోంగారికీ అనే చోట ఒకే వేదిక మీద పదిహేను విగ్రహాలు వరసగా నిలబడి ఉంటాయి. 1960 నాటి సునామీ వాటిని లోపలికి విసిరికొడితే, 1990ల్లో జపాన్ నుంచి తెప్పించిన క్రేన్‌తో మళ్లీ నిలబెట్టారు. వాటి వెనక నుంచి సూర్యుడు పైకి వచ్చే దృశ్యం కోసం పర్యాటకులు చీకటితోనే బయల్దేరతారు.

అయితే మన కథ ఈ విగ్రహాలది కాదు, వాటి కాళ్ల కింది మట్టిది.

నైరుతి మూలన రానో కౌ అనే చల్లారిన అగ్నిపర్వతం ఉంది. పైకెక్కి చూస్తే లోపల పెద్ద గిన్నెలాంటి గుంట, అడుగున నీళ్లు, ఆ నీళ్లమీద దుబ్బులు దుబ్బులుగా తుంగ. దాని దగ్గర్లో ఓ చిన్న శిలాఫలకం ఉంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. పట్టించుకున్నా చదవలేరు, ఎందుకంటే అది పోర్చుగీసు భాషలో ఉంది. ఈ దీవిలో మాట్లాడేదేమో స్పానిష్, రాపా నుయ్ భాషలు! 2000 నవంబరులో బ్రెజిల్ పరిశోధకులు పెట్టిన ఫలకమది. 1965 జనవరిలో ఇక్కడ తీసిన మట్టి నుంచే అవయవ మార్పిడి రోగులకు కొత్త జీవితమిచ్చిన మందు పుట్టిందని దాని సారాంశం.

ఆ మందు పేరు రాపమైసిన్. రాపా నుయ్ నుంచి వచ్చిందే ఆ 'రాపా'.

చెప్పుల్లేని కాళ్లు

1964 చివర్లో కెనడా నౌకాదళానికి చెందిన కేప్ స్కాట్ అనే ఓడలో దాదాపు నలభై మంది బృందం ఈ దీవికి వచ్చింది. నాయకుడు మాంట్రియల్‌కు చెందిన డాక్టర్ స్టాన్లీ స్కోరినా. దీవిలో విమానాశ్రయం కట్టబోతున్నారు, బయటి ప్రపంచంతో రాకపోకలు పెరిగేలోపు ఇక్కడి మనుషుల ఆరోగ్యం, జీవజాలం ఎలా ఉన్నాయో నమోదు చేయాలన్నది వాళ్ల ఉద్దేశం. అప్పటికి జనం వెయ్యి మందే. దాదాపు అందర్నీ పరీక్షించారు, రక్తం నమూనాలు తీసుకున్నారు.

బృందంలో సూక్ష్మజీవుల నిపుణుడు జార్జ్ నోగ్రాడీకి ఒక సందేహం వచ్చింది. ఇక్కడ ఎటు చూసినా గుర్రాలే. గుర్రపు పేడ పడిన చోట ధనుర్వాతం క్రిములు ఉండటం మామూలు. జనమేమో చెప్పుల్లేకుండా తిరుగుతున్నారు. అయినా ధనుర్వాతం కనపడదేం? దీవిని 67 భాగాలు చేసి, ఒక్కోచోట నుంచి కాస్త మట్టి గాజుగొట్టాల్లోకి ఎత్తాడు. పరీక్షిస్తే ఆ క్రిమి ఒకే ఒక్క గొట్టంలో దొరికింది. అక్కడితో ఆయన ప్రశ్న అయిపోయింది. మట్టి మాత్రం మిగిలింది.

అదీ 1969లో మాంట్రియల్‌లోని అయెర్స్ట్ మందుల కంపెనీ చేతికి వచ్చింది. ఆ రోజుల్లో మందులు వెతికే పద్ధతి మన ఇళ్లలో జల్లెడ పట్టడం లాంటిదే. ఊరూరి మట్టి తెప్పించడం, అందులోని సూక్ష్మజీవుల్ని పెంచడం, అవి విడిచే రసాయనాల్ని వేరుచేసి ఒక్కోదాన్నీ ఒక్కో రోగక్రిమి మీద వేసి చూడటం. వేలకు వేలు పరీక్షిస్తే ఒకటో రెండో నిలుస్తాయి. ఈ దీవి మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి అలా నిలిచిందే రాపమైసిన్. 1970ల తొలినాళ్లలో దాన్ని వేరుచేసిన బృందంలో ముఖ్యుడు మనవాడే... సురేంద్రనాథ్ సెహగల్. ఇప్పటి పాకిస్తాన్‌లో పుట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, కెనడా చేరిన శాస్త్రవేత్త.

ఫంగస్ మీద మందు బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ ఒంట్లోని రోగనిరోధక శక్తినీ అణిచేస్తోంది! ఫంగస్ మందుకు అది పెద్ద లోపం. పక్కన పెట్టేశారు.

ఐస్‌క్రీమ్ పక్కన సీసా

సెహగల్ మాత్రం వదల్లేదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు నమూనా పంపాడు. కణితుల పెరుగుదలను ఆపుతోందని అక్కడ తేలింది. ఇక పని ఊపందుకుంటుందనుకుంటుండగా, 1980ల మొదట్లో కంపెనీ మాంట్రియల్ ప్రయోగశాలను మూసేసింది. రాపమైసిన్ పని ఆపేయమంది. మూతపడేలోపు సెహగల్ ఆఖరిసారిగా కొంత మందు తయారుచేసి, ఇంటికి తెచ్చి ఫ్రీజర్లో ఐస్‌క్రీమ్ పక్కన పెట్టుకున్నాడు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు మకాం మార్చేటప్పుడు డ్రై ఐస్‌లో సర్ది, ఎవరూ తినొద్దని చీటీ అంటించి మరీ తీసుకెళ్లారని ఆ కుటుంబం చెబుతుంది. పరిశోధనశాల నిబంధనల ప్రకారం ఇది ఎంతవరకు సబబో గానీ, ఆ ఫ్రీజరే లేకపోతే ఈ కథ ముందుకు వెళ్లేది కాదు.

1987లో కంపెనీ వేత్‌తో కలిసిపోయింది. కొత్త యాజమాన్యానికి సెహగల్ నచ్చజెప్పాడు. ఫంగస్ మందుకు లోపమనుకున్న గుణమే ఇప్పుడు అక్కరకొచ్చింది. కిడ్నీ మార్చినప్పుడు ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడిచేస్తుంది. ఆ దాడిని అణచాలి కదా! 1999లో అమెరికా ఔషధ సంస్థ దీనికి సిరోలిమస్ పేరుతో అనుమతినిచ్చింది.

ఇది ఒంట్లో చేసే పనేంటన్నది 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో మైకేల్ హాల్, జోసెఫ్ హైట్‌మన్, రావు మొవ్వ ఈస్ట్ కణాల మీద ప్రయోగాలతో పట్టుకున్నారు. (ఈ ఇంటిపేరు చదవగానే కృష్ణా జిల్లావాళ్లకు క్షేత్రయ్య ఊరు గుర్తొచ్చే ఉంటుంది.) కణానికి 'తిండి ఉంది, ఇక పెరుగు' అని చెప్పే ఓ మీట లాంటి ప్రొటీన్‌ను ఇది ఆపేస్తుంది. ఆ మీట రోగనిరోధక కణాల్లోనూ ఉంది, క్యాన్సర్ కణాల్లోనూ ఉంది, గుండె రక్తనాళాల గోడల్లోనూ ఉంది.

మన ఇళ్లలో ఎవరో ఒకరికి స్టెంట్ వేసే ఉంటారు. ఒట్టి లోహపు స్టెంట్ వేస్తే కొందరిలో దానిమీదికి కండ పెరిగి నాళం మళ్లీ మూసుకుపోయేది. స్టెంట్‌కు సిరోలిమస్ పూతపూసి మొదటిసారి 1999 డిసెంబరులో బ్రెజిల్‌లోని సావో పాలోలో వాడారు. కండ పెరగడం బాగా తగ్గింది. ఈరోజు డాక్టర్లు వేసే మందుపూత స్టెంట్లలో చాలావాటిపై ఉండేది సిరోలిమస్ లేదా దాని చుట్టాలే. కావాలంటే ఇంట్లో ఉన్న డిశ్చార్జి కాగితం తీసి చూడండి, 'లిమస్' అన్న తోక కనిపిస్తుందేమో.

దీని చుట్టాల్లో ఒకటి 2007లో కిడ్నీ క్యాన్సర్‌కు వచ్చింది. 2015లో మహిళల్లో కనిపించే అరుదైన ఊపిరితిత్తుల జబ్బుకు సిరోలిమస్‌నే అనుమతించారు. ముసలి ఎలుకలకు పెడితే ఆయుష్షు పెరిగిందని 2009లో తేలడంతో, దీన్ని యౌవన మాత్రలా మింగేవాళ్లూ తయారయ్యారు. మనుషుల్లో ఆయుష్షు పెంచుతుందని ఇంకా రుజువు కాలేదు. నోటిపూత, కొలెస్ట్రాల్ పెరగడం, గాయాలు ఆలస్యంగా మానడం మాత్రం రుజువైనవే. డాక్టరు రాయకుండా జోలికి పోవద్దు.

సెహగల్‌కు 1998లో పెద్దపేగు క్యాన్సర్ అని తెలిసింది. తన మందే తాను వేసుకున్నాడు. పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలని కొన్నాళ్లకు ఆపేశాడు. క్యాన్సర్ తిరగబెట్టింది. 2003 జనవరిలో చనిపోయాడు.

మట్టి ఇచ్చినవాళ్ల సంగతి?

కెనడా బృందం వచ్చే నాటికి ఈ దీవివాళ్లకు చిలీ పౌరులుగా పూర్తి హక్కుల్లేవు. 1862లో పెరూ నుంచి వచ్చిన బానిస వ్యాపారులు జనాన్ని ఎత్తుకుపోయారు. తిరిగొచ్చిన కొద్దిమందితో పాటు మశూచి వచ్చింది. 1877 నాటికి మిగిలింది 111 మంది! ఆ తర్వాత 1953 దాకా దీవంతా గొర్రెల కంపెనీది, జనం హంగా రోవా కంచె లోపల. సరిగ్గా కెనడావాళ్లు అక్కడున్న రోజుల్లోనే అల్ఫోన్సో రాపు అనే కుర్ర పంతులు జనాన్ని కూడగట్టి ఎదురుతిరిగాడు, మేయర్‌గా ఎన్నికయ్యాడు. 1966లో హక్కులొచ్చాయి.

రాపమైసిన్ డబ్బులో మాత్రం దీవికి వాటా రాలేదు. ఒక దేశపు జీవసంపదతో లాభం వస్తే అక్కడివాళ్లకూ భాగమివ్వాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1992లో గానీ కుదరలేదు. అప్పటికి ఆ మట్టి కెనడా చేరి పాతికేళ్లు దాటింది.

ఇప్పుడు జాతీయ పార్కు నిర్వహణ రాపా నుయ్ ప్రజల సంస్థ మా'వు హెనువా చేతిలో ఉంది. కరోనాతో 2020 మార్చిలో మూసిన దీవి 2022 ఆగస్టులో తెరుచుకుంది. పర్యాటకులు గరిష్ఠంగా 30 రోజులే ఉండొచ్చు. పార్కుకు టికెట్ కొనాలి, ముఖ్యమైన చోట్లకు స్థానిక గైడ్ వెంట ఉండాల్సిందే. విగ్రహాల్ని ముట్టుకోకూడదు. తిరిగొచ్చేటప్పుడు గుర్తుగా రాయో రప్పో సంచిలో వేసుకోవడం కూడా నిషేధం. రానో కౌకు వెళ్తే ఆ పోర్చుగీసు ఫలకం ఎక్కడుందో గైడ్‌ని అడగండి.