చెకుముకి తుపాకి

సంక్రాంతి సంచికకి ఏదైనా రాయమని మన సంఘం వాళ్ళు అడిగినప్పుడు నేను గొబ్బెమ్మల గురించో, హరిదాసు గురించో రాస్తాననుకుని ఉంటారు. వాటి గురించి నాకన్నా బాగా రాసేవాళ్ళు ఈ సంచికలోనే నలుగురుంటారు. జాన్స్‌టౌన్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురమున్న నాకు సంక్రాంతి అంటే ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. క్రిస్మస్ మర్నాడు మొదలై సుమారుగా మన పండగ రోజుల దాకా సాగే చెకుముకి తుపాకి వేట. శాకాహారులు ఈ పేజీ తిప్పేయవచ్చు, ఏమీ అనుకోను. మా ఆవిడ చేసేదీ అదే.

చెకుముకి అంటే ఏమిటో ఇక్కడ పుట్టిన మన పిల్లలకి చెప్పాలి. 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉన్న ఆత్మకూరు వైపు మాది. మా తాత సంచిలో చుట్టలతో పాటు ఒక రాయి, ఒక ఉక్కు ముక్క, కాస్త దూది ఉండేవి. రాయిని ఉక్కుకేసి కొడితే రవ్వ దూది మీద పడేది, చుట్ట అంటుకునేది. ఫ్లింట్‌లాక్ తుపాకిలో జరిగేదీ అంతే. మీట నొక్కగానే, దవడల మధ్య తోలుముక్కతో బిగించిన రాయి ఎదురుగా ఉన్న ఉక్కు రేకును గీరుతుంది. రేకు పైకి లేచి, కింద చిన్న పళ్ళెంలో పోసిన రంజకం మీద రవ్వలు పడతాయి. ఆ మంట పక్కనున్న సన్నటి బెజ్జంలోంచి గొట్టంలోకి దూరి అసలు మందును అంటిస్తుంది. అప్పుడు గాని గుండు బయటికి రాదు. ఇదంతా రెప్పపాటులోనే. కాని మొహానికి జానెడు దూరంలో మంట లేస్తే ఉలిక్కిపడనివాడెవడు? మీట నొక్కాక కూడా గురి చెదరకుండా నిలబడటమే ఇందులో ఉన్న విద్యంతా.

మా పెన్సిల్వేనియాలో ఈ తుపాకికంటూ ప్రత్యేకంగా సీజన్ పెట్టింది 1974లో. క్రిస్మస్ తరవాతి ఈ సీజన్‌లో నిప్పు రాయితోనే పుట్టాలి, వేరే రకాలు పనికిరావు. ఇక్కడివాళ్ళకి దీని మీద మమకారం ఉందంటే ఉండదా మరి? 1700లలో లాంకాస్టర్ చుట్టుపక్కల జర్మన్ పనివాళ్ళు చేసిన పొడుగు రైఫిళ్ళు ఈ నేలవే. లోకం మాత్రం వాటిని కెంటకీ రైఫిల్ అంటుంది. చేసింది ఒకరు, పేరు ఇంకొకరికి.

నాకు ఇది అంటించింది మా పక్కింటి పెద్దాయన. స్టీలు మిల్లులో పనిచేసి రిటైరయిన మనిషి. మొదటి సీజన్ నాటి చలికాలంలోనే విడిభాగాలు తెప్పించుకుని నేలమాళిగలో కూచుని తన రైఫిల్ తనే బిగించుకున్నాడట. .50 క్యాలిబర్, మేపుల్ చెక్క. మొదటిసారి దాని మందు వాసన ముక్కుకి తగిలినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయనకీ జొన్నచేలో పందుల్ని బెదరగొట్టడానికి ఒక నాటు తుపాకి ఉండేది. ఎలక్షన్లొచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. గంధకం వాసన నల్లమల అంచునైనా, లారెల్ రిడ్జ్ మీదైనా ఒకటే.

జింకను ఎలా చంపబుద్ధయిందని మా ఆవిడ అడగని ఏడాది లేదు. లేడి అంటే శకుంతల పెంచుకున్నది ఆమెకి. మన దేశంలో 1972 చట్టం వచ్చాక జింకను కొడితే జైలే, అది న్యాయం కూడా. ఇక్కడ కథ వేరు. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఈ రాష్ట్రంలో జింకలు దాదాపు తుడిచిపెట్టుకుపోతే, 1906లో మిషిగన్ నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు మన కార్ల కింద పడుతున్నవి, మన తులిప్ మొగ్గలు కొరికేస్తున్నవి, అడవిలో లేత మొక్కని లేవనివ్వనివి అవే. ఈ మాటలన్నీ చెప్పినా ఆమె ప్రశ్న అలాగే ఉంటుంది. ఉండాలనే నాకూ అనిపిస్తుంది.

2018 చివరికి పెద్దాయన చెయ్యి బాగా వణకడం మొదలైంది. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకునేవాడు. క్రిస్మస్ తరవాత రెండు వారాలూ రైఫిల్ మేకు మీదే ఉండిపోయింది. సీజన్‌కి ఆఖరి రోజు 2019 జనవరి 12, శనివారం. అంతకుముందు సాయంత్రం మా తలుపు తట్టి, "ఇది పేలకుండా ఒక్క సీజన్ కూడా దాటలేదు. రేపు నువ్వు పట్టుకో, నేను పక్కన కూచుంటాను" అన్నాడు. నాకూ లైసెన్సుంది, నా తుపాకీ ఉంది. అయినా ఆయన దాన్నే పట్టుకున్నాను.

ఆఖరి రోజుల వేట నవంబరు వేటలా ఉండదు. అప్పటికి నెలన్నరగా తుపాకుల మోత విన్న జింకలు మనిషి అలికిడి అయితే చాలు, లారెల్ పొదల్లో దూరిపోతాయి. ఎండ తగిలే దక్షిణపు వాలులో, గాలి తగలనిచోట గుంపుగా పడుకుంటాయి. మేం అలాంటి వాలుకి ఎదురుగా ఒక పెద్ద హెమ్‌లాక్ చెట్టు మొదట్లో కూచున్నాం. ఆయన నాకు నాలుగు గజాలు కుడివైపు, ఎరుపు నలుపు గళ్ళ ఉన్నికోటులో. మధ్యాహ్నానికి మంచు పట్టుకుంది. తాళం మీద మైనం పట్టించిన తోలు తొడుగు కప్పాను. ఇక్కడివాళ్ళు దాన్ని ఆవు మోకాలు అంటారు. అయినా అరగంటకోసారి పాత రంజకం ఊదేసి, పళ్ళెం తుడిచి, కొత్తది పోయాల్సిందే. నల్లమందు తేమను ఇట్టే లాక్కుంటుంది. గ్లవ్స్ తీసిన ప్రతిసారీ వేళ్ళు నావి కావనిపించేది. పెద్దాయన ఒక్క మాట మాట్లాడలేదు. నేను పళ్ళెం తుడిచినప్పుడల్లా తల మాత్రం ఆడించేవాడు.

నాలుగు దాటాక నాలుగు ఆడజింకలు వరసగా దిగాయి. నలభై గజాలు. చివరిది పక్కకి తిరిగి ఆగింది. తొడుగు లాగేశాను, రాయిని వెనక్కి లాగాను, గురి చూసి మీట నొక్కాను. భగ్గుమంది, ఢామ్మంది. తెల్లటి పొగ తెల్లటి మంచులో కలిసిపోయింది. పొగ విడేసరికి వాలు ఖాళీ.

తగిలిందో లేదో నాకేం తెలుస్తుంది? పక్కన కూచున్న ఆయనకి పొగ అడ్డం రాలేదు. "తగిలింది. మిగతావి తోకలెత్తి పోయాయి, అది తోక దించుకుని ఎడమకి పోయింది" అన్నాడు.

మామూలుగా అయితే అరగంట ఆగాలి. వెంటనే వెంటపడితే గాయపడ్డ జంతువు బెదిరి మైళ్ళు పోతుంది. కాని మంచు దట్టంగా పడుతోంది, అరగంటలో నెత్తురు జాడ, అడుగుల జాడ రెండూ మూసుకుపోతాయి. చీకటి ఇంకో గంటలో. దొరక్కపోతే అది ఏ పొదలోనో రాత్రంతా కొట్టుకుని చావాలి. పెద్దాయన గడియారం చూసి "పది నిమిషాలు" అన్నాడు. ఆ పది నిమిషాలూ మళ్ళీ మందు కొలిచి పోసి, గ్రీజు గుడ్డలో గుండు పెట్టి, కడ్డీతో దట్టించడానికి సరిపోయాయి. గుడ్డ మీది గ్రీజు చలికి గడ్డకట్టింది. నా చేతులు ఆయన చేతుల్లాగే వణికాయి.

జింక నిలబడినచోట మూడు చుక్కలు, నురగ కలిసిన గులాబి రంగు. ఊపిరితిత్తులకి తగిలిందన్నమాట. ఇరవై అడుగులకో చుక్క. చుక్క దొరికినచోటల్లా కొమ్మ విరిచి పెట్టుకుంటూ పోయాను. వెనక్కి చూస్తే మొదటి చుక్కలు అప్పటికే కనపడడంలేదు. లారెల్ పొదల దగ్గర జాడ ఆగిపోయింది. మోకాళ్ళ మీద పాకి దూరితే, లోపల పడి ఉంది. ప్రాణం పోయి చాలాసేపయింది. కంటి మీద మంచు కరగడంలేదు.

నేను పెన్సిల్‌తో ట్యాగ్ నింపుతుంటే వెనక పొద కదిలింది. పెద్దాయన నా అడుగుల్లో అడుగులు వేసుకుంటూ, కర్ర ఊతంతో, ఒక్కడే వచ్చాడు. గ్లవ్ తీసి దాని మెడ మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి వణకలేదని చెబితే కథలా ఉంటుంది గాని, బాగానే వణికింది. తరవాత రైఫిల్ అందుకుని, పళ్ళెంలో రంజకం మంచులోకి ఊదేశాడు.

మాంసంలో ఒక భాగం ఫుడ్ బ్యాంకుకి పోయింది. వేటగాళ్ళు ఇచ్చిన జింక మాంసాన్ని ఆకలిగొన్నవాళ్ళకి చేర్చే ఏర్పాటు ఈ రాష్ట్రంలో 1991 నుంచీ ఉంది. మిగతాది ఆయనా నేనూ పంచుకున్నాం. కనుమ నాడు గరాజ్‌లో వేరే పొయ్యి పెట్టుకుని, మా కర్నూలు కారంతో, గసగసాలు నూరి వండాను. మా ఆవిడ గారెలు మాత్రం వంటింట్లో చేసి పంపింది. పెద్దాయన చెమటలు కక్కుతూ రెండోసారి వడ్డించుకున్నాడు, మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు.

2021లో ఆయన కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ రైఫిల్ మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. దసరాకి కారుతో, లాప్‌టాప్‌తో పాటు దానికీ మా ఆవిడే బొట్టు పెడుతుంది. రాయి అరిగిపోతే మొన్ననే కొత్తది బిగించాను. తోలుముక్క ఆయన వేసిందే.