చికాకోల్ అని వెతకండి

మన జిల్లా చరిత్ర మీద పరిశోధన మొదలుపెట్టిన పిల్లలు తరచూ అడిగే మాట ఒకటుంది: “మాస్టారూ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో శ్రీకాకుళం పుస్తకాలేవీ కనబడవేం?” ఉన్నాయి నాయనా, చికాకోల్ అని కొట్టి చూడు. విజయనగరానికైతే ఇంగ్లీషు స్పెల్లింగులో ‘జి’ తర్వాత వచ్చే ‘ఎ’ తీసేయాలి. దొరల రికార్డుల్లో మన ఊళ్లు ఆ పేర్లతోనే ఉన్నాయి.

పేరు తెలిస్తే చాలదు, జిల్లా కూడా తెలియాలి. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది, విజయనగరం జిల్లా 1979లో. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. అందుకని ఆ వైపు సంగతులు మాల్ట్‌బీ 1882 నాటి గంజాం మాన్యువల్‌లో దొరుకుతాయి. పాలకొండ, బొబ్బిలి, విజయనగరం కావాలంటే కార్మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజిటీరు తిరగెయ్యాలి. ఇవన్నీ ఒకప్పుడు మద్రాసు వెళ్తేగానీ చూడలేని పుస్తకాలు.

తెలుగు పుస్తకాలతో చిక్కు వేరు. మన రాజ్ రెడ్డిగారు ముందుండి నడిపిన పుస్తకాల స్కానింగు పథకం మిలియన్ బుక్ ప్రాజెక్టు, దానితో పుట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లేకపోతే వీటిలో చాలా పుస్తకాలు చెదల పాలయ్యేవి. ఆ మేలు మరవలేం. అయితే జాబితాలో పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించడంతో దీర్ఘాలు పోయాయి, ఒత్తులు పోయాయి. ‘కన్యాశుల్కం’లోని ‘శ’ను ఒకరు ఒకలా రాస్తే మరొకరు ఇంకోలా రాశారు. గురజాడ మీద పనిచేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. 1897 కన్యాశుల్కం వేరు, 1909లో ఆయన తిరగరాసిన కన్యాశుల్కం వేరు. జాబితాలో వేసిన సంవత్సరాన్ని నమ్మకుండా స్కాన్ తెరిచి ముఖపత్రం, పీఠిక చూసుకోవాలి. మధ్యలో పేజీలు ఎగిరిపోయాయేమో లెక్కపెట్టుకోవాలి.

వెతికేవాళ్లకి మన ప్రాంతం సంగతులు అనుకోని చోట తగులుతాయి. సాయణభాష్యంతో మాక్స్‌ముల్లర్ సంకలించిన ఋగ్వేదం రెండో ముద్రణ 1890-92లో నాలుగు సంపుటాలుగా వచ్చింది. దాని ఖర్చు భరించింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. మన సొమ్ముతో సీమలో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఇప్పుడు కోట పక్కన కూర్చుని ఫోనులో చదువుకోవచ్చు.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం, కథానిలయం. కథా రచయిత కారా మాస్టారు తన పురస్కారాల సొమ్ము పెట్టి 1997లో దాన్ని నిలబెట్టారు. పాత పత్రికల్లో చెల్లాచెదురుగా పడివున్న కథలను కూడబెట్టారు. ఆ కథల పట్టికా, స్కాన్ చేసిన పేజీలూ ఇప్పుడు కథానిలయం సైట్‌లో ఉన్నాయి. కథ పేరూ, రచయిత పేరూ, అచ్చయిన పత్రికా, తేదీ అన్నీ తెలుగులోనే. పుస్తకాన్ని ఎరిగినవాళ్లు పట్టిక రాస్తే ఇలా ఉంటుంది. సర్కారు సొమ్ముతో జరిగే స్కానింగులన్నిటికీ ఇదే కొలత కావాలి.

గిడుగు రామమూర్తిగారి 1931 నాటి సవర భాషా గ్రంథం సీతంపేట కొండల్లోని సవర పిల్లలకి ఇలాగే, వాళ్లకి అందే పేరుతో దొరకాలి. అది వాళ్ల ఆస్తి.

మీ ఇంట పాత పుస్తకం ఉంటే, రచయిత పోయి అరవై ఏళ్లు దాటితే, స్కాన్ చేసి ఎక్కించండి. అట్టనీ ముఖపత్రాన్నీ వదలకండి. ప్రెస్సు పేరు, ఊరు, సంవత్సరం తెలుగులో రాయండి. పక్కన ఇంగ్లీషులో పాత స్పెల్లింగూ కొత్త స్పెల్లింగూ రెండూ వెయ్యండి.