బ్యాటరీ కొనేముందు ఒక్కసారి కొలవండి

జనవరి వచ్చిందంటే మా మిన్నెసోటా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సంక్రాంతి ముగ్గుల ఫొటోల మధ్య ఒక మెసేజ్ తప్పకుండా కనిపిస్తుంది: "కారు స్టార్ట్ అవట్లేదు, జంపర్ కేబుల్స్ ఎవరి దగ్గరైనా ఉన్నాయా?" అడిగేది ఎక్కువగా ఆగస్టులో దిగిన విద్యార్థులే. సెయింట్ క్లౌడ్‌లోనో మ్యాన్‌కేటోలోనో చదువు, నలుగురు కలిసి కొనుక్కున్న పాత కారు. దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి జంప్ ఇస్తారు, ఇంజన్ లేస్తుంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. దాంతో కొత్త బ్యాటరీ కొంటారు. అదీ దిగిపోతే ఆల్టర్నేటర్ మార్పిస్తారు. పార్ట్ టైం పనిచేసి దాచుకున్న డాలర్లు ఇలా ఊహ మీద ఖర్చయిపోతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

మన ఊళ్లో బండి ఆగిపోతే నలుగురు దిగి తోసేవారు, సెకండ్ గేరులో క్లచ్ వదిలితే లేచేది. ఇక్కడ దాదాపు అన్నీ ఆటోమేటిక్ కార్లే, తోసి లాభం లేదు. పైగా చలి. సున్నా ఫారన్‌హీట్ దగ్గర, అంటే మైనస్ 18 సెల్సియస్‌లో, బ్యాటరీ ఇవ్వగల శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇంజన్ ఆయిల్ చిక్కబడి, సెల్ఫ్ మోటారుకు మామూలుకన్నా ఎక్కువ శక్తి కావాలి. చార్జి బాగా తగ్గిన బ్యాటరీ ఆ చలికి లోపల గడ్డకట్టేస్తుంది కూడా. డబ్బా ఉబ్బినట్టు కనిపిస్తే దానికి జంప్ ఇవ్వొద్దు, పేలే ప్రమాదం ఉంది.

బ్యాటరీ ముఖ్యమైన పని ఇంజన్‌ను లేపడం. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ లైట్లకీ, హీటర్ ఫ్యానుకీ, కంప్యూటర్లకీ కరెంటు ఇచ్చేది, సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన చార్జిని తిరిగి నింపేది ఆల్టర్నేటర్. బెల్టుతో తిరుగుతూ ఏసీ కరెంటు పుట్టిస్తుంది, డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి, రెగ్యులేటర్ వోల్టేజిని అదుపులో పెడుతుంది. 1960 మోడల్ వాలియంట్‌తో క్రిస్లర్ దీన్ని మామూలు జనం కార్లలోకి తెచ్చింది. అంతకుముందున్న డైనమోలు ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిగా చార్జి చేసేవి కావు.

బ్యాటరీ, ఆల్టర్నేటర్ సరిగా పనిచేస్తున్నాయో లేదో చెప్పడానికి 20 డాలర్లలోపు దొరికే మల్టీమీటర్ చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12కి దిగితే దాదాపు ఖాళీ. ఇప్పుడు ఇంజన్ నడుస్తుండగా చూడండి. 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే చార్జింగ్ జరుగుతోంది. కొత్త కార్లలో కంప్యూటరే పెట్రోలు ఆదా కోసం వోల్టేజిని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కనుక, ఒక్క అంకె చూసి ఆల్టర్నేటర్ పోయిందనకండి. హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాన్, వెనక అద్దం డీఫ్రాస్టర్ వేసి మళ్లీ చూడండి. అప్పుడూ 12లోనే ఉండి ఇంకా కిందికి జారుతుంటే లోపం ఉన్నట్టే.

అయితే ఆ లోపం ఆల్టర్నేటర్‌లోనే ఉండక్కర్లేదు. మొన్నటి చలికాలంలో సెయింట్ క్లౌడ్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, బ్యాటరీ కొత్తదే, అయినా దిగిపోతోంది. ఆల్టర్నేటర్ మార్చాలంటున్నారు, 700 డాలర్లట." "ఆగు తమ్ముడూ, నేనొచ్చేదాకా ఏమీ మార్పించకు" అన్నాను. వెళ్లి కారు స్టార్ట్ చేసి, లైట్లన్నీ వేసి కొలిచాం. బ్యాటరీ దగ్గర 13 వోల్టులే ఉంది. మీటరు ఎర్ర తీగను ఆల్టర్నేటర్ వెనకున్న అవుట్‌పుట్ బోల్టుకీ, నల్లదాన్ని ఆల్టర్నేటర్ బాడీకీ ఆనిస్తే 14.4. అంటే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తూనే ఉంది, దారిలో 1.4 వోల్టులు పోతున్నాయి. ప్లస్ వైపు, ఆ బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కు చూస్తే 0.1, పరవాలేదు. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు చూస్తే 1.3! అక్కడ 0.2 దాటకూడదు.

బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కు వెళ్లే గ్రౌండ్ కేబుల్ విప్పాం. పై తొడుగు చక్కగానే ఉంది. చివర కోసి చూస్తే రాగి పోగులు పచ్చబడి, వేలితో నలిపితే పొడిగా రాలాయి. ఇక్కడ మంచు కరగడానికి చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కారు కిందంతా పట్టి, బోల్టుల సందుల్లోంచి రాగిని తినేస్తుంది. కొత్త కేబుల్ 20 డాలర్ల లోపే. అది బిగించి, బోల్టు కూర్చునే చోట తుప్పు గీకేశాక బ్యాటరీ దగ్గర 14.2 వచ్చింది. ఆ కుర్రాడి ముఖంలో కనిపించిన నిశ్చింత నాకు ఎంతో తృప్తినిచ్చింది.

ఇంజన్ నడిచేటప్పుడు అన్నీ బాగుండి, రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే ఏదో ఒకటి దొంగచాటుగా కరెంటు తాగుతున్నట్టు. కారు ఆపేసి, లోపలి కంప్యూటర్లు నిద్రపోయేదాకా ఆగి కొలిస్తే సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడాలి. ఆల్టర్నేటర్‌లో పాడైన డయోడ్ కూడా ఇలా రాత్రిపూట బ్యాటరీని ఖాళీ చేయగలదు. ఇంజన్ నడుస్తుండగా మీటరును ఏసీలో పెట్టి బ్యాటరీ మీద చూస్తే, అర వోల్టు పైన కనిపించినప్పుడు డయోడ్లను అనుమానించాలి.

మన పెద్దవాళ్లు కొందరు ఇంకా చెబుతుంటారు: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూడు, ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్టని. పాత అంబాసడర్ల కాలంలో చెల్లిందేమో గానీ ఇప్పుడు దయచేసి ఆ పని చేయకండి. ఆ క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి కారులోని కంప్యూటర్లను కాల్చేయవచ్చు.

హైవే మీద ఉండగా డాష్‌బోర్డులో ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగితే, చార్జింగ్ ఆగిపోయి బ్యాటరీలో మిగిలినదాని మీదే కారు నడుస్తోందని అర్థం. సీటు హీటర్లు, డీఫ్రాస్టర్, మ్యూజిక్ ఆపేయండి, హెడ్‌లైట్లు మాత్రం ఆపొద్దు. ఇంజన్ వేడి ముల్లు ఎక్కుతున్నా, స్టీరింగ్ బరువెక్కినా బెల్టు తెగిందని గుర్తు, వెంటనే పక్కకు ఆపేయాలి. అలా లేకపోతే ఇంజన్ ఆర్పకుండా, జనమూ వెలుతురూ ఉన్న దగ్గరి ఎగ్జిట్‌కు చేరుకోండి. మధ్యలో ఆర్పితే మళ్లీ లేవకపోవచ్చు.

ఇక్కడ చాలా విడిభాగాల దుకాణాల్లో బ్యాటరీ, ఆల్టర్నేటర్ ఉచితంగానే పరీక్షించి చూపిస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు. కొత్తగా వచ్చిన పిల్లలకు కారు కొనిపెట్టడంలో సాయపడే అన్నలకీ అక్కలకీ నాదొక మనవి: డిక్కీలో జంపర్ కేబుల్స్‌తో పాటు ఒక మల్టీమీటర్ కూడా పెట్టించండి. మొదటి మంచు పడకముందే ఒక ఆదివారం వాళ్ల పక్కన నిలబడి ఎలా కొలవాలో చూపించండి.