తాత తుపాకీ - నా లెక్క

సావనీరుకు ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గంలోని మిత్రుడొకడు రెండు వారాలుగా నా వెంట పడుతున్నాడు. "కవిత రాయి, లేకుంటే యువత - దేశ భవిత మీద వ్యాసం రాయి" అన్నాడు. దేశ భవిత గురించి నాకు తెలిసింది బహు తక్కువ. మా ఇంట్లో ఒక తుపాకీ ఉండేది. దానికి వెల కట్టబోయి నేను బొక్కబోర్లా పడ్డాను. ఆ సంగతైతే నాకు బాగా తెలుసు కాబట్టి అదే రాస్తున్నాను.

మాది నల్లమల అంచున ఒక పల్లె. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఆరెకరాల మెట్ట. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు పందులు దిగుతాయి. రాత్రంతా మంచె మీద డబ్బా వాయించడమే మా వ్యవసాయంలో సగం పని. మా ముత్తాత తెల్లదొరల కాలంలో అడవి శాఖ దొర ఒకాయనకు దారి చూపేవాడట. 1947లో దొర దేశం వదిలిపోతూ తన తుపాకీని ముత్తాత చేతిలో పెట్టి, లైసెన్సు కూడా రాయించి పోయినాడట. ఇదంతా అవ్వ నోటి మాట. కాగితం లేదు. ఈ 'కాగితం లేదు' అనే ముక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి.

అది అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రం న్యూహేవెన్ ఊళ్లో తయారైన వించెస్టర్ లీవరు తుపాకీ, 1892 మోడల్. ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనుప కడియాన్ని కిందికి వంచి మళ్లీ పైకి లాగితే, పేలిన తూటా ఖాళీ గుల్ల ఎగిరి బయట పడుతుంది, గొట్టం కింద దాగిన కొత్త తూటా పైకెక్కుతుంది. ఈ ఏర్పాటును రూపొందించినవాడు జాన్ బ్రౌనింగ్. మాది ఎనిమిది పలకల గొట్టం. తూటా లేకుండా ఆ కడియాన్ని ఒక్కసారి ఆడించి ఆ 'కటక్' వినడం కోసం నా చిన్నప్పుడు తాత కాళ్లు పిసికేవాణ్ని.

దొర ఇచ్చిన మడమ కర్ర మాత్రం ఇప్పుడు లేదు. తాత పడుచువాడుగా ఉన్నప్పుడు మంచె మీంచి తుపాకీతో సహా జారి పడితే అది మెడ దగ్గర పగిలింది. మా ఊరి వడ్ల ఆచారి జిట్రేగి చెక్కతో కొత్తది చేసినాడు. తాత చేయి పొడవు కొలిచి, పాతదానికన్నా రెండు వేళ్లు పొడుగ్గా, చెంప ఆనేచోట కొంచెం లోతుగా, పక్కన ఒక చిలకను చెక్కి మరీ ఇచ్చినాడు. కూలి రెండు మూటల జొన్నలు. ఆ చిలక కన్ను చోట ఇత్తడి మేకు. మా ఊళ్లో అంత అందమైన వస్తువు ఇంకోటి లేదని ఈనాటికీ నా అభిప్రాయం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తర్వాత మా అడవి పులుల అభయారణ్యమైంది. తుపాకీ పేలడం ఆగిపోయింది. అయినా దానికి రెండు ప్రయాణాలు తప్పేవి కావు. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. దసరాకు అటక మీంచి దించి పూజ చేయాలి. ఆయుధ పూజ ముందురోజు తాత దాన్ని చింతపండు, బూడిదతో తోమేవాడు. నాకు పదేళ్లు వచ్చినాక ఆ పని నాకొచ్చింది. నేను ఆధునికుణ్ని కదా, అంగడి నుంచి ఎమరీ కాగితం తెచ్చి రుద్దినాను. ఎనిమిది పలకలూ వెండిలా మెరిసినాయి. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నాయన నాకు పది రూపాయలిచ్చినాడు.

తాత పోయినాడు. మనిషి పోతే లైసెన్సూ పోతుంది. వారసుడు తన పేరున తెచ్చుకోవాలి, లేదా ఆయుధాన్ని స్టేషన్లోనో, లైసెన్సున్న వ్యాపారి దగ్గరో పెట్టి, అర్హులకు అమ్ముకోవాలి. సరిగ్గా ఆ ఏడే మాకు రెండు బోర్లు ఎండినాయి. మూడున్నర లక్షల అప్పు.

అప్పుడు నేను బి.ఎస్సీ. మొదటి సంవత్సరం. ఫోన్లో వెతికితే అమెరికాలో ఒక వేలంలో ఇదే మోడల్, ఇలాంటి ఎనిమిది పలకల గొట్టమే, అయిదు వేల డాలర్లకు పోయినట్టు కనిపించింది. డాలరుకు ఎనభై వేసుకుని నాలుగు లక్షలు అన్నాను. మాదానికి అదనంగా చిలక కూడా ఉందాయె! "ఇంకా పైన పలుకుతుంది నాయనా, తక్కువ చెప్తున్నా" అన్నాను. నాయన నా మొహంలోకి కాసేపు చూసినాడు. తెల్లారి పోయి అప్పిచ్చినాయనతో "దసరా దాటనివ్వను. మా వాడు సైన్సు చదువుతున్నాడు, లెక్క కట్టినాడు" అని మాట ఇచ్చి వచ్చినాడు. ఆ మాట ఇచ్చినట్టు నాకు అవ్వ చెప్పింది.

కాలేజీకి వచ్చి ఈ గొప్ప మా ఫిజిక్సు లెక్చరర్ గారి దగ్గర చెప్పుకున్నాను. ఫొటోలు చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని "వేలంలో అమ్ముడైన తుపాకీ, మీ తుపాకీ ఒకటేనా?" అన్నారు. అదే మోడల్ సార్ అన్నాను. "మోడల్ సంగతి కాదయ్యా, స్థితి. ఒక్క రీడింగు తీసుకుని గ్రాఫు గీస్తే ల్యాబులో ఒప్పుకుంటానా?" అన్నారు.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఈ మోడల్ పది లక్షలకు పైగా తయారైందట. కాబట్టి పాతది అన్న ఒక్క కారణంతో ఎవరూ ఎగబడరు. అమెరికా వారి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పాత తుపాకులకు తరగతులు పెట్టింది. అన్ని భాగాలూ అసలువే ఉండి, అసలు పూత ఎనభై శాతానికి మించి మిగిలి ఉంటే అది ఎక్సలెంట్. నేను వేలంలో చూసింది అదీ. అక్కడి నుంచి మెట్టుమెట్టుగా దిగుతూ వచ్చి, చివరిదానికి ఒక్క మెట్టు పైన 'ఫెయిర్' అనే తరగతి దగ్గర ఆగిపోయాను. ముఖ్య భాగం మార్చినది, ఇనుమును గట్టిగా తోమినది, అంచుల పదును అరిగినది, అక్షరాలు కొంత చెరిగినది. మా ఇంటికొచ్చి చూసి రాసినట్టుంది.

ఇందులో కెమిస్ట్రీ కూడా ఉంది. ఆ కాలపు తుపాకీకి ఉండే నీలి నలుపు రంగు పెయింటు కాదు. ఇనుము పైపొరనే కావాలని ఆక్సైడుగా మార్చి నిలిపిన పలుచని పొర. వెంట్రుక కన్నా చాలా పలుచన. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని తినేస్తుంది. మిగిలిందేమన్నా ఉంటే నా ఎమరీ కాగితం తినేసింది. తడి పసుపు పూసి అలాగే అటకెక్కించిన చోట చుక్కచుక్కగా గుంటలు పడినాయి. డెబ్బై దసరాలు మేము భక్తితో చేసింది ఇదీ.

మరి చిలక? మార్పులు చేసిన తుపాకీకి వెల పెరగదా అంటే, పెరుగుతుంది, చేసినవాణ్ని బట్టి. అదే కంపెనీ 1873 మోడల్లో బాగా గురి కుదిరిన గొట్టాలను ఏరి, ప్రత్యేకంగా ముస్తాబు చేసి 'వెయ్యిలో ఒకటి' అని చెక్కి అమ్మింది. ఏడు లక్షలకు పైగా తయారైన ఆ మోడల్లో అవి నూట ముప్పై చిల్లరే. 1950లో దాని మీద సినిమా తీసినప్పుడు, అలాంటివి ఎవరి దగ్గరున్నాయో చెప్పమని స్టూడియో వాళ్లు ప్రకటనలిచ్చి వెతికారు. ఉల్‌రిక్ కుటుంబం వారు చెక్కిన బొమ్మలున్నా విలువే. వయోమింగ్ రాష్ట్రం కోడీ ఊళ్లోని మ్యూజియంలో ఆ కంపెనీ పాత రిజిస్టర్లున్నాయి. కొన్ని మోడళ్లకు, కొన్ని నంబర్ల దాకా, ఫలానా తుపాకీ ఏ రూపంలో ఫ్యాక్టరీ దాటిందో చూసి ఉత్తరం ఇస్తారు. మా ఆచారి ఏ రిజిస్టరులోనూ లేడు. అందుకని వాళ్ల లెక్కలో ఆయన చెక్కిన చిలక ఒక లోపం. ఈ లెక్క తప్పని నేను అనలేను. ఒప్పని అనడానికీ నాకు నోరు రాలేదు.

కాగితాల పని ముగిసేసరికి దసరా నెత్తి మీదికి వచ్చింది. నాయనా నేనూ నగరంలో ఒక తుపాకుల దుకాణానికి వెళ్లినాము. యజమాని పెద్దమనిషి, మర్యాదస్తుడు. టార్చి వేసి గొట్టంలోకి చూశాడు. లీవరు ఆడించి, ఆ 'కటక్' విని తల ఊపాడు. "పనితనం బాగుంది పెద్దాయనా. కానీ దీని తూటా మన దేశంలో ఎవరూ చెయ్యరు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ రైఫిళ్లు వేరే బోరువి. బయటికి పంపాలంటే దానికి వేరే లైసెన్సు, అది మీ వల్లా నా వల్లా కాదు. గోడకు పెట్టుకునేవాళ్లే కొనాలి" అన్నాడు. పద్దెనిమిది వేలు అన్నాడు. నేను అసలు పూత, శాతాలు అంటూ ఏదో మొదలుపెట్టబోతే నాయన నా చేతి మీద చేయి వేసినాడు.

"ఈ కర్ర మాత్రం నాకొద్దు. నా దగ్గర పాత అమెరికా కర్ర ఒకటి పడి ఉంది, అది తొడిగితేనే చూసేవాళ్లకు నచ్చుతుంది" అని ఆ పెద్దమనిషి వెనకవైపు ఒకే ఒక్క మర విప్పి, చిలకను ఊడదీసి నాయన ఒళ్లో పెట్టినాడు.

బస్సులో నాయన దాన్ని టవల్లో చుట్టి తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. కర్నూలు దాటేదాకా ఇద్దరం మాట్లాడలేదు. ఆ తర్వాత నేనే "నేను లెక్క తప్పు చెప్పినా నాయనా" అన్నాను. "నువ్వు చెప్పింది నువ్వు చెప్పినావు. నమ్మింది నేను గదా" అన్నాడు.

రెండు బర్రెలు పోయినాయి, అవ్వ కాసుల పేరు పోయింది. అప్పు దసరాకు కాదు, సంక్రాంతికి తీరింది. మాట తప్పినందుకు నాయన మూడు నెలలు ఆ వీధిన నడవలేదు, చుట్టు తిరిగి చేనికి పోయేవాడు.

పోయిన దసరాకు సెలవుల్లో ఇంటికి వెళ్లినాను. అమ్మ నాగలి కర్రు, కొడవళ్లు, స్ప్రేయరు వరసగా పెట్టి, చివర చిలకను పెట్టింది. నాయన దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసి, "ఏమిరా సైన్సూ, దీనికి గరుకు కాగితం పట్టొచ్చునా?" అన్నాడు.

"వద్దు నాయనా, పొడిగుడ్డ చాలు" అన్నాను.