బట్టీ పిల్లలు మా బడికొచ్చిన ఏడు

మా బడి ఉన్న ఊళ్లో చెరువు వెనక ఇటుక బట్టీలు. దీపావళి దాటిందంటే అక్కడ గుడిసెలు లేచేవి. ఇటుకలనే గోడలుగా పేర్చి పైన నీలం పట్టానో పాత రేకో కప్పితే అదే ఇల్లు. నడుం వంచితే గాని లోపలికి దూరలేం. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కాంటాబంజీ స్టేషన్లో రైలెక్కి వచ్చిన కుటుంబాలు, జూన్‌లో వానలు పడేదాకా అందులోనే ఉండేవి. భువనగిరి చుట్టుపక్కల పనిచేసిన టీచర్లం ఏటా వాళ్లను చూస్తూనే ఉన్నాం. రోడ్డు మీద నుంచి చూశాం, బస్సులోంచి చూశాం. వాళ్ల పిల్లలు మా బడి పిల్లలే అన్న ఆలోచన చాలాకాలం ఎవరికీ రాలేదు.

2017 ప్రాంతంలో రాచకొండ పోలీసులు, అప్పటి కమిషనర్ మహేశ్ భగవత్ చొరవతో, బట్టీల్లో పనిచేస్తున్న పిల్లలను బయటికి తీసి చదువు చెప్పించే పని మొదలుపెట్టారు. ఒడియా వచ్చిన వాలంటీర్లను పిలిపించి బట్టీల దగ్గరా, దగ్గరి సర్కారు బడుల్లోనూ తరగతులు పెట్టించారు. మా బడికీ ఒక వాలంటీరు వచ్చింది. బలంగీర్ అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో. పిల్లలు ఇంట్లో మాట్లాడే సంబల్‌పురీ ఆమెకూ ఇంటి భాషే కావడం మా అదృష్టం. ఆమె వెంటే నేనూ మొదటిసారి బట్టీ లోపలికి అడుగుపెట్టాను.

అక్కడి పని తీరు ఆమె చెబితేనే తెలిసింది. భాద్రపదంలో నువాఖాయి, అంటే కొత్త బియ్యం పండుగ, అయిపోగానే కూలీలను కుదిర్చే సర్దార్ ఇల్లిల్లూ తిరిగి అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు ఒక మనిషికి కాదు, ఒక ‘పథురియా’కు. భార్య, భర్త, చేతికందిన ఒకరిద్దరు పిల్లలు కలిస్తే ఒక పథురియా. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఇటుక కొట్టాల్సిందే. ఎండ ముదరకముందే పని తెమలాలని రాత్రి రెండింటికే లేచి, బల్బు వెలుతురులో మట్టి ముద్దలు అచ్చులో కొడతారు. పచ్చి ఇటుకలు ఒకవైపు ఆరాక రెండోవైపు తిప్పాలి. ఆ వరసల మధ్య పెద్దవాళ్లు నడిస్తే ఇటుక చితుకుతుంది. అందుకని ఆ పని పిల్లలది. ఏడెనిమిదేళ్ల పిల్లలు వంగి, చెరో చేత్తో ఒక్కో ఇటుక తిప్పుకుంటూ వరస చివరిదాకా వెళ్లిపోవడం చూశాను. అంత చురుకైన చేతులు మా తరగతిలో ఎవరికీ లేవు. చూస్తూ నిలబడడం నావల్ల కాలేదు.

చేర్పించడం తేలికగానే అయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం పుట్టిన తేదీ కాగితం లేదనో, టీసీ రాలేదనో ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన చదువును విడిగా చెప్పాలి. మా హెడ్మాస్టరు అదే చేశారు. ఒడిశా నుంచి ఒడియా పుస్తకాలూ వచ్చాయి. ఊళ్లో యువకులు ఆటో మాట్లాడారు. ఇన్ని ఉన్నా రెండో వారానికి పిల్లలు సగమయ్యారు. మానినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు.

పదేళ్ల పిల్ల ఒకతి మొదటి రెండు రోజులూ బాగా వచ్చి ఆగిపోయింది. గుడిసె దగ్గరికి వెళ్లి చూస్తే చంకలో తమ్ముడు. ఏడాది నిండిందో లేదో. తల్లి మట్టిలో ఉంది. ఆమె మమ్మల్ని చూసి లేవలేదు, పని ఆపలేదు. తల ఎత్తకుండానే వాలంటీరుతో ఏదో అంది. ‘‘పిల్లను తీసుకుపోండి, కాని వీణ్ణి ఎవరు చూస్తారు అంటోంది దిదీ,’’ అని ఆ అమ్మాయి నాకు చెప్పింది.

అంగన్‌వాడీలో మూడేళ్లు నిండిన పిల్లలనే ఉంచుకుంటారు. అంతకంటే చిన్నవాళ్లకు బాలామృతం పొడి ఇంటికిస్తారు, అంతే. ఆ పదేళ్ల పిల్ల బడికి రావాలంటే ఆ చంటివాడికి ఒక చోటు కావాలి. చదువు మీద ఇష్టం లేక తల్లిదండ్రులు పంపడం లేదని అప్పటిదాకా మీటింగుల్లో వింటూ వచ్చిన మాట ఎంత అన్యాయమో అక్కడ నిలబడితే తెలిసింది.

‘‘వాణ్ని కూడా తీసుకురా,’’ అని చెప్పించాను. వరండాలో రెండు స్తంభాల మధ్య పాత చీరతో ఉయ్యాల కట్టాం. నాలుగు రోజులకు మూడు ఉయ్యాలలయ్యాయి. మధ్యాహ్న భోజనం వండే అవ్వ మొదట విసుక్కుంది. ‘‘గిది బడా, దవాఖానా టీచరమ్మా? నాకు వంట జేసుడే ఎక్కువైతాంది,’’ అంది. ఆమెనేమీ అనడానికి లేదు, వచ్చే డబ్బుకు చేసే చాకిరీకి పొంతన లేదు. మరుసటి వారం చూస్తే ఎడమ చేత్తో ఉయ్యాల తాడు లాగుతూ కుడి చేత్తో పప్పు ఎనుపుతోంది. పిల్లలకు చారు కన్నా ముందు గంజి వంచి, చిటికెడు ఉప్పేసి తాగించడం ఆమె పెట్టిన అలవాటే.

తరగతిలో వాళ్లు నిద్రపోయేవారు. పదకొండింటికల్లా తలలు వాలేవి. రాత్రి రెండింటికి లేచిన పిల్లకు అది మధ్యాహ్నంతో సమానం. వెనక చాప వేసి పడుకోనిచ్చాం. లేచాక చెప్పాం.

ఊరి వాళ్ల నుంచి అభ్యంతరం వస్తుందని తెలుసు, వచ్చింది. ‘‘మా పోరన్ని బట్టీ పిల్లల పక్కన కూసోవెట్టకుండ్రి మేడం, నెత్తిల పేన్లు,’’ అని ఒకామె గేటు దగ్గరే ఆపింది. పేలు నిజమే. బట్టీలో బోరు నీళ్లు మట్టి తడపడానికి పోగా మిగిలితే వంటకు. తలంటుకు ఎక్కడివి? శనివారం మధ్యాహ్నం బడి తొట్టి దగ్గర అందరికీ తలస్నానం చేయించాం. ఊరి పిల్లలకూ అదే సబ్బు, అదే దువ్వెన. పేలు ఊరి పిల్లల తలల్లోనూ బాగానే దొరికాయి.

పిల్లలు మాత్రం మా ప్రమేయం లేకుండానే కలిశారు. ఐదో తరగతిలో ఒకబ్బాయి బోర్డు మీద గుణకారం ఒడియా అంకెల్లో చేసి చూపించాడు. ఇటుకల దొంతరలు లెక్కపెట్టి పెట్టి వాడికి లెక్కలు చేతివేళ్ల మీదే ఉండేవి. మావాళ్లకు ఆ అంకెలు తెగ నచ్చాయి. వారంలో తరగతంతా నేర్చేసుకుని, కబడ్డీ స్కోర్లు మాకు తెలియకుండా వాటితోనే రాసుకోవడం మొదలుపెట్టారు. వాడిని ‘బట్టీ పోరడు’ అనడం మానేసి పేరు పెట్టి పిలవడం ఆ ఆటలోనే మొదలైంది.

పుష్యమాసం పున్నమికి పశ్చిమ ఒడిశాలో పుష్‌పుని చేస్తారు. పిల్లలు ‘ఛేర్‌ఛేరా’ అంటూ ఇల్లిల్లూ తిరిగితే, ఇంటివాళ్లు కొత్త వడ్లు, బియ్యం పోస్తారు. మా బట్టీ పిల్లలూ సంచులు పట్టుకుని ఊళ్లోకి వచ్చారు. అడుక్కోవడానికి వచ్చారనుకుని ఒకరిద్దరు తలుపులేసుకున్నారు. మా వంట అవ్వ మాత్రం గల్మలో నిలబడి, ‘‘అడుక్కునుడు కాదే, మన జాజిరి లెక్కనే!’’ అని వీధికి వినబడేలా కేకేసింది. హోలీ ముందు కోలలు పట్టుకుని పాటలు పాడుతూ తిరగని బాల్యం తెలంగాణ పల్లెలో ఎవరికుంది? చాటలతో బియ్యం వచ్చాయి. పేల గురించి నాతో గొడవపడ్డామె కూడా పోసింది. పిల్లల వెనకే బట్టీ ఆడవాళ్లూ ఆ రోజు ఊళ్లోకి వచ్చారు. అంతవరకూ వాళ్లు మా వీధుల్లో కిరాణా కొట్టు దాటి రాలేదు. ఒకామెకు ఏడో నెల. అక్కడే ఉన్న అంగన్‌వాడీ టీచరు ఆమె పేరు రాసుకుని, మర్నాటి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఇప్పించింది. ఆ పథకం 2015 నుంచే ఉంది. బట్టీ దాకా దాన్ని చేర్చడానికి ఒక పండుగ కావాల్సి వచ్చింది.

నా మనసుకు ఇప్పటికీ సమాధానం దొరకనిది వేసవి. ఏప్రిల్ మూడో వారం దాటితే బడి మూత, మళ్లీ తెరిచేది జూన్ 12న. బట్టీకి అసలైన సీజన్ ఆ మధ్యదే. ఎండ మండుతుంది, ఇటుక త్వరగా ఆరుతుంది, తిప్పే చేతులు ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే మేం మధ్యాహ్న భోజనం కూడా ఆపేసి, పిల్లలను బట్టీకి అప్పజెప్పి సెలవుల మీద వెళ్లిపోతాం. జూన్‌లో బడి తెరిచేసరికి వాళ్లు రైల్లో ఉంటారు. ఒక ఏడు పంచాయతీ హాల్లో పొద్దుటి పూట తరగతి నడిపాం. బియ్యం ఊరివాళ్లు ఇచ్చారు, పప్పు యువజన సంఘం ఇచ్చింది, వండింది మా అవ్వే. తర్వాతి ఏడు వాలంటీరుకు జీతం ఎవరిస్తారో తేలక అది సాగలేదు. ఇది దయగల ఊరు భుజాన వేసుకోవలసిన బరువు కాదు. సీజన్ జూన్ దాకా అని తెలిసిన ప్రభుత్వం ఆ పిల్లలకు జూన్ దాకా బడి నడపాలి.

ఉయ్యాల పిల్లాడి అక్క మూడు సీజన్లు వచ్చింది. వెళ్లేటప్పుడు ప్రతిసారీ ఇక్కడ చదివినట్టు కాగితం రాసిచ్చాం, అక్కడి బడిలో పేరు పోకుండా. 2020 మార్చిలో కరోనాతో బడి మూతపడింది, ఆ వెంటే లాక్‌డౌన్ వచ్చింది. వలస కూలీలకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. మా ఊరి ఆడవాళ్లు కూరగాయలు పంపారు, పిల్లల పేర్లు చెప్పి మరీ. ఆ ఎండాకాలం వెళ్లిన కుటుంబం మళ్లీ మా బట్టీకి రాలేదు. ఆ పిల్ల ఏం చదివిందో నాకు తెలియదు.

నాకూ బదిలీ అయింది. కొత్త ఊరి పక్కనా బట్టీలున్నాయి. సీజన్ మొదలవగానే అంగన్‌వాడీ టీచర్ని వెంటబెట్టుకుని, బట్టీ లెక్కలు చూసే మునీం దగ్గరికి వెళ్తాను. మొదట మూడేళ్లలోపు పిల్లల లెక్క రాసుకుంటాం. బడి ఈడు పిల్లల లెక్క ఆ తర్వాత.