తొర్రూరుకొచ్చిన రాకెట్

తెల్లవారుజామున ఐదు గంటలు. తొర్రూరు ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. బస్టాండు ముందు టీ బండి మీద మొదటి పాలు పొంగుతున్నాయి. ఆ చలిలో, చేతికి తాడు చుట్టుకుని పరుగెడుతున్నాను నేను. చూసేవాళ్లకు నేనే కుక్కను తిప్పుతున్నట్టు ఉంటుంది గానీ, అసలు సంగతి వేరు. అదే నన్ను లాక్కుపోతోంది!

దాని పేరు రాకెట్. గోధుమరంగు ఒళ్లు. ఒక చెవి నిక్కపొడుచుకుని ఉంటే రెండోది వాలిపోయి ఉంటుంది. వయసు ఏడాదిన్నర. ఏ జాతి అంటారా... అచ్చంగా మన వీధికుక్క.

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో వర్ధన్నపేట, రాయపర్తి దాటాక వస్తుంది మా ఊరు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. నేను ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉన్నా, బాపు, అమ్మ, తమ్ముడి కుటుంబం అక్కడే.

కుక్క కావాలని మొదట అడిగింది తమ్ముడి కొడుకు. ఒప్పుకోనిది బాపు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు, పేపరు అక్షరం పొల్లుపోకుండా చదువుతాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. అదే ఏడాది మే నెలలో కాజీపేటలో ఎనిమిదేళ్ల పిల్లాడు బలయ్యాడు. ‘‘కాజీపేట మనకెంత దూరంరా?’’ అన్నాడు బాపు. ఆ భయం ఉత్తదని ఎవరనగలరు?

‘ఉరికించగలరా?’

పోయిన కార్తీకంలో హన్మకొండ వెళ్లాం. అక్కడ ఓ టీచరమ్మ తన ఇంటినే ఫోస్టర్ హోమ్‌గా మార్చుకున్నారు. గాయపడినవో, ఎవరో వదిలేసినవో కుక్కల్ని తెచ్చి, దత్తతకు ఇల్లు దొరికేదాకా సాకుతారన్నమాట. హైదరాబాద్‌లో అయితే అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ లాంటి సంస్థలున్నాయి. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీ కూడా వీధికుక్క పిల్లల దత్తతకు మేళా పెట్టింది. చిన్న ఊళ్లలో మాత్రం ఇలాంటి ఇళ్లే దిక్కు.

పిల్లను చూసుకోవడానికి వెళితే ఎదురు మమ్మల్నే పరీక్షించినట్టయింది. ‘‘ప్రహరీ ఎంత ఎత్తు? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఎవరు తిప్పుతారు?’’ అని వరుసగా అడిగారు. టీకాల కార్డు చేతిలో పెట్టారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించారు. చివరగా, ‘‘ఇది మంచం కింద పడుకునే రకం కాదు. పొద్దున గంట, సాయంత్రం గంట ఉరికించాలి. చేతకాకపోతే మళ్లీ నాకే తెచ్చివ్వండి. దారిలో మాత్రం వదిలెయ్యొద్దు’’ అన్నారు.

అన్నింటికీ తలూపి వచ్చేశాం. తలూపడం తేలికే కదా!

మొదటివారం నాలుగు జతల చెప్పులు పోయాయి. బాపు కళ్లజోడు రెండు ముక్కలైంది. ఐదోరోజు గోడ దూకి, ఆడుకుంటున్న పక్కింటి పాప మీదికి ఎగిరింది. కరవలేదు, ఆటకే దూకింది. కానీ పాప కిందపడి మోచెయ్యి కొట్టుకుపోయింది. వాడకట్టంతా పోగైంది. ‘‘నేను చెప్పిన్నా, లేదా?’’ అన్నాడు బాపు. ఆ రాత్రి దాన్ని గొలుసుతో కట్టేశాం. తెల్లవార్లూ ఒకటే ఏడుపు.

పొద్దున్నే హన్మకొండకు ఫోన్ చేశా, తిరిగిచ్చేద్దామనే. ‘‘రోజూ ఎంతసేపు తిప్పుతున్నారు?’’ అని ఒకే ప్రశ్న అడిగారామె. పావుగంట. అది కూడా సందు చివరిదాకే. జవాబు చెప్పడానికి సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే గొర్ల మందను తోలుకుపోతూ ఓ పెద్దాయన గేటు ముందు ఆగాడు. గొలుసుకున్న రాకెట్‌ను చూసి, ‘‘మా కుక్క దినమంతా గొర్లెంబడి నడుస్తది. పొద్దూకినంక అన్నం తిని పంటది. మీది పనిలేని కుక్క సారూ. కాళ్లల్ల సత్తువ యాడికి పోవాలె?’’ అన్నాడు. పుస్తకాలు చూస్తే వాటిలోనూ ఉన్నది ఆ మాటే.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు

ఆ రోజే సెలవు మరో పదిరోజులు పొడిగించా. పొద్దున బస్టాండు నుంచి చెరువుకట్ట దాకా, సాయంత్రం మార్కెట్ యార్డు వైపు. పుట్టి పెరిగిన ఊరే గానీ, పత్తి బస్తాల ట్రాక్టర్లు తెల్లారకముందే వరుస కడతాయని, చెరువు మీద మంచు ఏడింటిదాకా కరగదని నాకు రాకెట్ చూపిస్తేనే తెలిసింది!

కుక్కల్ని సాకేవాళ్లు ఓ లెక్క చెబుతారు. కొత్త ఇంట్లో బెరుకు తగ్గడానికి మూడు రోజులు, పద్ధతులు తెలియడానికి మూడు వారాలు, అది తన ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. పిల్లాడు రోజూ గిన్నె పట్టుకుని ‘కూసో’ అంటాడు. కూర్చుంటేనే అన్నం. గోడ మీద రెండు వరుసల ఇటుకలు లేపించాం. ఏటా రేబిస్ టీకా తప్పదని క్యాలెండర్లో రాసిపెట్టింది మరదలు. ఎక్కడ ఏ కుక్క కరిచినా పుండును పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో, ధారగా కడిగి, వెంటనే సర్కారు దవాఖానకు వెళ్లాలని కూడా పిల్లాడికి నేర్పాం.

వీధికుక్కల్ని దత్తత తీసుకోవచ్చనీ, తీసుకున్నాక అవి మళ్లీ వీధిన పడకుండా చూడాల్సింది వాళ్లేననీ సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో చెప్పింది. ఆ టీచరమ్మ మాకు ముందే చెప్పింది అదే. ముచ్చటపడి తెచ్చి, విసుగొచ్చి వదిలేస్తే వీధిలో ఇంకో కుక్క పెరిగినట్టే. మళ్లీ ఎవరి పిల్లాడికో భయమే.

శివరాత్రికి ఊరెళ్లా. పాలకుర్తి సోమేశ్వరస్వామి జాతరకు బయల్దేరే జనంతో బస్టాండు కిటకిటలాడుతోంది. ఇంటికి పోతే బాపు లేడు. ‘‘చెరువుకట్ట మీదికి పోయిండు, రాకెట్‌తోని’’ అంది అమ్మ. నాకు నమ్మబుద్ధి కాలేదు.

కాసేపటికి వచ్చాడు. చేతిలో తాడు, పక్కన మనవడు, వాళ్లకు నాలుగడుగుల దూరంలో పక్కింటి పాప. మన పాల్కురికి సోమన బసవపురాణంలో కుక్క చేత వేదం చదివించిన కథ చెబుతున్నాడు బాపు.

‘‘మరి మన రాకెట్ చదువుతదా తాతా?’’ అని అడిగింది పాప.

‘‘ముందుగాల కూసునుడు నేర్చింది గద బిడ్డా, చాలు’’ అన్నాడు బాపు.

పాప కాస్త దగ్గరికి జరిగి, భయంభయంగానే ‘కూసో’ అంది. రాకెట్ కూర్చుంది.